నాయన దవడలో మచ్చ, తమ్ముడు పంపిన ఎక్సోజోమ్ పరీక్ష

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా కొండపి దగ్గర పల్లె. నాయనకు 61 ఏళ్ళు, పొగాకు రైతు. వయసులో ఉన్నప్పటి నుంచి చుట్ట అలవాటు. ఈమధ్య చుట్ట తగ్గించి గుట్కా పట్టాడు. ఎడమ దవడ లోపల తెల్లమచ్చ వచ్చి ఆరు నెలలు దాటింది. రెండు నెలల నుంచి కారం తగిలితే మంట అంటున్నాడు. ఒంగోలులో పళ్ళ డాక్టరు చూసి ముక్క తీసి పరీక్షకు పంపాలన్నారు. నాయన ససేమిరా అంటున్నాడు. కత్తి పెడితే లేని జబ్బు కూడా లేచి పాకుతుందని, మా ఊళ్ళో ఒకాయనకు అట్లాగే అయిందని ఆయన భయం. గట్టిగా అడిగితే వేలాలు అయ్యాక చూద్దాం అంటాడు. హైదరాబాదులో ఉన్న తమ్ముడు వాట్సాప్‌లో ఒక ల్యాబు ప్రకటన పంపాడు. ఎక్సోజోమ్ పరీక్ష అట. కోత లేదు, కాస్త రక్తం ఇస్తే ఒంట్లో ఎక్కడ క్యాన్సర్ ఉన్నా మొదటి దశలోనే చెప్పేస్తుందట. పద్దెనిమిది వేలు. ఇంటికే వచ్చి రక్తం తీసుకుపోతారు. దీనికైతే నాయన సరే అన్నాడు. చేయించమంటారా? ఇంకో మాట. మా మేనత్త, నాయన సొంత అక్క, అండాశయం క్యాన్సర్‌తో 52 ఏళ్ళకే పోయింది. నాకు 36. నేను కూడా ఇదే పరీక్ష చేయించుకుంటే మంచిదా?

సమాధానం:

చెల్లెమ్మా, మీ నాయనకు ఆ రక్తపరీక్ష వద్దు. పళ్ళ డాక్టరు చెప్పిన ముక్క పరీక్షే చేయించండి. వేలాల దాకా ఆగకుండా ఈ వారంలోనే చేయించండి. ముందు ఈ మాట చెప్పేసి, కారణాలు కింద వివరంగా రాస్తున్నాను. ఇంట్లో ఇద్దరు మగవాళ్ళను ఒప్పించే భారం మీ మీద పడింది. వాళ్ళు ఎదురు ప్రశ్న వేస్తే జవాబు మీ దగ్గర ఉండాలి.

నేను నెల్లూరులో పాథాలజిస్టుని. డాక్టర్లు తీసి పంపిన ముక్కల్ని మైక్రోస్కోపు కింద చూసి ఏ జబ్బో రాసివ్వడం నా వృత్తి. మీ వైపు నుంచి, ఇటు ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట ఊళ్ళ నుంచి నోటి ముక్కలు మా బల్ల మీదికి వస్తూనే ఉంటాయి. వాటితో పాటు వచ్చే చీటీలో "మచ్చ ఏడాదిగా ఉంది" అన్న మాట చదివినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. ఆ ఏడాదిలో ఇంకాస్త ముందు వచ్చి ఉంటే ఎంతమందికి చిన్న కోతతో పోయేదో.

తమ్ముణ్ణి మాత్రం ఏమీ అనకండి. అతను పంపింది గాలి కబురు కాదు. దాని వెనక నిజమైన శాస్త్రం ఉంది. నాకెంతో ఆశ ఉన్న శాస్త్రం. అది ఎక్కడిదాకా వచ్చిందో, ల్యాబు వాళ్ళు దాన్ని ఎక్కడిదాకా లాగారో మీకు తేడా తెలియాలి.

మన ఒంట్లో దాదాపు ప్రతి కణమూ అతిచిన్న బుడగల్ని బయటికి వదులుతూ ఉంటుంది. పైన కొవ్వు పొర, లోపల ఆ కణం తాలూకు ప్రొటీన్లు, జన్యువుల సందేశం మోసే ఆర్‌ఎన్‌ఏ ముక్కలు. వీటన్నిటికీ కలిపి ఎక్స్‌ట్రాసెల్యులర్ వెసికిల్స్ అని పేరు. వాటిలో బాగా చిన్నవి, సుమారు 30 నుంచి 150 నానోమీటర్లవి, ఎక్సోజోమ్‌లు. ఎర్రరక్తకణం అడ్డకొలతే 7,000 నుంచి 8,000 నానోమీటర్లు ఉంటుంది, కాబట్టి ఇవి ఎంత చిన్నవో ఊహించుకోండి. నా బల్ల మీది మైక్రోస్కోపులో ఇవి కనబడవు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కావాలి.

1967లో పీటర్ వుల్ఫ్ అనే శాస్త్రవేత్త రక్తంలో ప్లేట్‌లెట్ల నుంచి రాలే ఈ రేణువుల్ని గమనించి "ప్లేట్‌లెట్ ధూళి" అన్నారు. 1980లలో కెనడాలో రోజ్ జాన్‌స్టోన్ బృందం గొర్రె రక్తం మీద పనిచేస్తూ ఒక సంగతి చూసింది. లేత ఎర్రకణం ముదిరేటప్పుడు తనకిక అక్కరలేని ఒక ప్రొటీనును ఈ బుడగలకెక్కించి బయటికి తోసేస్తోంది. ఎక్సోజోమ్ అన్న పేరు వీటికి స్థిరపడింది ఆ బృందం వల్లే. చాలాకాలం అందరూ దీన్ని కణం పారేసే చెత్త అనుకున్నారు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఈ బుడగల్లో ఆర్‌ఎన్‌ఏ ఉందనీ, అది మరో కణంలోకి చేరి అక్కడ పనిచేయగలదనీ చూపించాక దృష్టి మారింది. మరుసటి ఏడు బోస్టన్‌లో, గ్లియోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్ ఉన్న రోగుల రక్తంలోని బుడగల్లో, ఆ గడ్డలో మాత్రమే ఉండే మార్పు చెందిన జన్యువు తాలూకు ఆర్‌ఎన్‌ఏ దొరికింది. పుర్రె తెరవకుండా, చేతి నరంలో తీసిన రక్తంలో మెదడు గడ్డ ఆనవాలు!

రోజూ ముక్కలు చూసే నాకు ఈ కబురు ఎంత పెద్దదో చెప్పలేను. క్లోమగ్రంథి, డాక్టర్లు ప్యాంక్రియాస్ అంటారే అది, కడుపు వెనక వెన్నెముకకు ఆనుకుని ఉంటుంది. దానికి జబ్బు వస్తే కామెర్లు, నొప్పి కనబడేసరికి చాలామందికి ఆపరేషన్ చేసే దశ దాటిపోతుంది. అక్కడికి సూది పంపడం కూడా తేలిక కాదు. అలాంటి చోటి గడ్డ తన గుర్తుల్ని రక్తంలోకి వదులుతూ ఉంటే, వాటిని పట్టి చదవగలిగితే, ఎన్ని ప్రాణాలు నిలబడతాయి! ఇందుకోసమే ప్రపంచమంతా ఇన్ని ప్రయోగశాలలు శ్రమపడుతున్నాయి. వాళ్ళ శ్రమను నేను తక్కువ చేయను.

అయితే ఆ క్లోమగ్రంథి కథే మనకు జాగ్రత్త కూడా నేర్పుతుంది. 2015లో అమెరికాలో హ్యూస్టన్‌లోని బృందం ఒకటి, పొర మీద గ్లిపికాన్-1 అనే ప్రొటీను ఉన్న ఎక్సోజోమ్‌లను లెక్కిస్తే క్లోమగ్రంథి క్యాన్సర్ ఉన్నవాళ్ళనూ లేనివాళ్ళనూ తప్పు లేకుండా విడదీయవచ్చని నేచర్ పత్రికలో ప్రకటించింది. పేపర్లన్నీ రాశాయి. తర్వాత వేరే చోట్ల వేరే రోగుల మీద చేసి చూస్తే ఫలితాలు ఒక్కోచోట ఒక్కోలా వచ్చాయి, మొదట వచ్చినంత స్పష్టత నిలవలేదు. ఆ ప్రకటన వచ్చి పదేళ్ళు దాటింది. ఈనాటికీ క్లోమగ్రంథి క్యాన్సర్‌ను ఆ పరీక్షతో తేల్చే ఆసుపత్రి లేదు.

రోగుల దాకా వచ్చిన ఎక్సోజోమ్ పరీక్షల్లో పేరున్నది అమెరికాలో ఒకటుంది, ఎక్సోడీఎక్స్ ప్రోస్టేట్ అని. రక్తం కూడా అక్కర్లేదు, మూత్రం చాలు. మూత్రంలోని బుడగల్లో మూడు జన్యువుల ఆర్‌ఎన్‌ఏ కొలిచి ఒక స్కోరు ఇస్తారు. అది ఎవరికి చేస్తారో చూడండి. 50 ఏళ్ళు దాటి, పీఎస్‌ఏ (ప్రోస్టేట్ గ్రంథి నుంచి రక్తంలో చేరే ప్రొటీను) 2 నుంచి 10 మధ్యలో ఊగిసలాడుతూ, ముక్క తీయాలా వద్దా అని డాక్టరుకు సందేహం ఉన్న మగవాళ్ళకు. స్కోరు 15.6 కన్నా తక్కువ వస్తే ముక్క తీయడం ప్రస్తుతానికి వాయిదా వేయవచ్చు. ఎక్కువ వస్తే ముక్క తీయాలి. ఇంత పరిశోధన వెనకున్న పరీక్ష కూడా "మీకు క్యాన్సర్ ఉంది" అని చెప్పదు. ముక్క తీయడం అవసరమా అన్న ఒక్క ప్రశ్నకే సాయం చేస్తుంది, అదీ ఒక్క అవయవానికి. మీ తమ్ముడికి వచ్చిన ప్రకటన మాత్రం ఒళ్ళంతటికీ జవాబు చెబుతానంటోంది.

రక్తంతో క్యాన్సర్ పరీక్ష అనగానే జనం రకరకాల వాటిని ఒకటే అనుకుంటారు. సీఈఏ, సీఏ-125 లాంటివి, కొన్ని క్యాన్సర్లలో రక్తంలో పెరిగే ప్రొటీన్లను కొలిచేవి, పాతవి, జబ్బు తెలిశాక అది తగ్గుతోందా పెరుగుతోందా చూడ్డానికి బాగా పనికొస్తాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలినవాళ్ళకు ఏ మాత్రలు పడతాయో తెలుసుకోవడానికి రక్తంలో తేలే గడ్డ డీఎన్‌ఏ ముక్కల్ని చూస్తారు. అది మన పక్కనే చెన్నై, హైదరాబాదుల్లో రోజూ జరుగుతున్నదే, మంచి పరీక్ష. ఎవరైనా "రక్తపరీక్షతో మావాడికి క్యాన్సర్ సంగతి తెలిసింది" అంటే ఏ పరీక్షో, జబ్బు తేలకముందా తేలాకా అని అడగండి.

సరే, ఇంత ఆశ ఉన్నప్పుడు అడ్డేమిటి? మొదటి అడ్డు రక్తమే. మిల్లీలీటరు ప్లాస్మాలో, అంటే రక్తంలో కణాలు తీసేశాక మిగిలే ద్రవంలో, ఈ బుడగలు కోట్లకు కోట్లు. వాటిలో చాలావరకు ప్లేట్‌లెట్లు, ఇతర రక్తకణాలు వదిలినవే. తొలిదశలో ఉన్న చిన్న గడ్డ వదిలినవి అందులో ఏ మూలకు? పైగా ఎల్‌డీఎల్ లాంటి కొవ్వు రేణువులు బుడగల కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. కొన్ని సైజులో, కొన్ని సాంద్రతలో బుడగల్లాగే ఉండి కలిసిపోతాయి. భోంచేసి వచ్చిన మనిషి రక్తంలో ఈ కలగాపులగం మరీ ఎక్కువ. బుడగల్ని విడదీయడానికి పరిశోధనశాలల్లో గురుత్వాకర్షణకు లక్ష రెట్ల బలంతో గంటకు పైగా తిప్పే యంత్రం వాడతారు. ఆ తర్వాత పొర మీద సీడీ9, సీడీ63, సీడీ81 లాంటి ప్రొటీన్లు ఉన్నాయో లేదో చూసి, పట్టుకున్నది బుడగల్నేనని రుజువు చేసుకోవాలి. ఏమేం రుజువులు చూపాలో ఈ రంగంలోని అంతర్జాతీయ సంఘం 2014లో నియమావళి రాసింది. 2018లో తిరగరాసింది, 2023లో మళ్ళీ రాసింది. పద్ధతి ఇంకా కుదురుకుంటూనే ఉందన్నమాట.

ఇప్పుడు మీ వరండాలో తీసే రక్తం సంగతి చూద్దాం. రక్తం గడ్డకడితే ప్లేట్‌లెట్లు కొత్తగా బుడగలు వదులుతాయి. వేడిలో, బండి కుదుపుల్లో గంటలు గడిచినా బుడగల లెక్క మారిపోతుంది. అందుకే ఈ పరిశోధన సరిగ్గా చేసేవాళ్ళు ఏ ట్యూబులో తీయాలి, ఎంతసేపట్లో ప్లాస్మా వేరుచేయాలి, ఫ్రీజరులో పెట్టేముందు ప్లేట్‌లెట్లు పోయేలా ఎన్నిసార్లు తిప్పాలి అన్నీ ముందే రాసుకుని గడియారం చూసుకుంటూ చేస్తారు. కొండపి ఎండలో మధ్యాహ్నం తీసి, కొరియర్‌లో వేసి, మర్నాడు వేరే నగరంలో తెరిచే ట్యూబులో దేన్ని కొలుస్తున్నారో ఆ ల్యాబు వాళ్ళనే అడగండి. ఏ జబ్బూ బయటపడని ఎంతమంది మీద ఈ పరీక్ష చేశారు, ఆ తర్వాత వాళ్ళను ఎన్నేళ్ళు గమనించారు, ఫలితాలు ఏ పత్రికలో అచ్చయ్యాయి, పరీక్షకు కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఉందా అని కూడా అడగండి. ల్యాబుకు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉందని చూపిస్తారు. ల్యాబు పనితీరుకు ఇచ్చే గుర్తింపు అది. ఈ పరీక్ష మీ నాయనకు ఉపయోగపడుతుందా లేదా అన్నది దానివల్ల తేలదు.

రెండో అడ్డు లెక్కల్లో ఉంది. ఇది మీ తమ్ముడికి చెప్పండి, చదువుకున్నవాడు గనుక వెంటనే పట్టుకుంటాడు. ఏ బాధా లేని 10,000 మందికి ఈ పరీక్ష చేశామనుకుందాం. వాళ్ళలో 30 మందికి పైకి తెలియని క్యాన్సర్ ఉందనుకుందాం. పరీక్ష చాలా మంచిదే అనుకుందాం, జబ్బు ఉన్న నూరుమందిలో 90 మందిని పట్టుకుంటుంది, లేని నూరుమందిలో ఐదుగురికే తప్పుగా "ఉంది" అంటుంది. అప్పుడు 30 మందిలో 27 మంది దొరుకుతారు. మిగతా 9,970 మందిలో ఐదు శాతం, అంటే 498 మందికి లేని జబ్బు ఉన్నట్టు చీటీ వస్తుంది. మొత్తం 525 చీటీల్లో నిజమైనవి 27. "ఉంది" అని చీటీ అందుకున్న ప్రతి ఇరవై మందిలో సుమారు పంతొమ్మిది మందికి జబ్బే లేదు. ఆ పంతొమ్మిది మందీ నిద్ర మానుకుని, స్కానులకు అప్పులు చేసి, చెన్నై చుట్టూ తిరుగుతారు. జబ్బు ఉండి కూడా "లేదు" అని చీటీ వచ్చిన ఆ ముగ్గురి సంగతి ఇంకా బాధ. వాళ్ళు నిశ్చింతగా ఇంట్లో కూర్చుంటారు.

మీ నాయన విషయంలో నాకు భయం ఆ ముగ్గురికి వచ్చినలాంటి చీటీ గురించే. రక్తపరీక్షలో "ఏమీ లేదు" అని వచ్చిందనుకోండి, ఆయన ఇక జన్మలో ఒంగోలు రాడు. మచ్చ మాత్రం దవడలోనే ఉంటుంది. "ఉంది" అని వస్తే? అప్పుడైనా ముక్క తీయాల్సిందే. ఏ డాక్టరూ ముక్క రిపోర్టు లేకుండా దవడ ఆపరేషన్‌కు గానీ రేడియేషన్‌కు గానీ రాయడు. అటొచ్చినా ఇటొచ్చినా ముక్క తప్పనప్పుడు పద్దెనిమిది వేలు పోయి, వారాలు పోయి, మీరు మళ్ళీ మొదలుకే వస్తారు.

ఒళ్ళంతా వెతికే పరీక్ష ఎక్కడ జబ్బుందో తెలియనప్పటి మాట. ఇక్కడ అనుమానం ఎక్కడో తెలుసు, వేలుపెట్టి చూపించగలం. నాయనకు ఆయన పనిలోని మాటతోనే చెప్పండి. వేలం కేంద్రంలో కొనేవాడు బేలు విప్పి, ఆకు చేతిలోకి తీసుకుని, రంగూ మెత్తదనం చూసి ధర కడతాడు. బేలు కళ్ళెదుట ఉండగా దాన్ని వదిలేసి, లారీ పోయిన దారిలో లేచిన దుమ్ము చూసి గ్రేడు చెబుతానంటే మీ నాయన ఒప్పుకుంటాడా?

కత్తి పెడితే పాకుతుందన్న భయం ఆయన ఒక్కడిదీ కాదు. మన రెండు జిల్లాల్లో నేను విననిచోటు లేదు. ఆ భయం ఊరికే పుట్టలేదు. జనం గడ్డ ముదిరి, తిండి దిగక, నొప్పి ఆగక అప్పుడొచ్చి ముక్క తీయించుకుంటారు. తీసిన కొద్ది నెలల్లో మనిషి పోతాడు. ఊరికి కనబడేది ముందు కత్తి, వెనక చావు. అంతకుముందు గడిచిన ఏడాది ఎవరికీ కనబడదు. వృషణంలో గడ్డకు, కొన్ని కాలేయం గడ్డలకు సూది వేసేటప్పుడు డాక్టర్లే వెనకాముందూ ఆలోచిస్తారన్నది నిజం. సూది వెళ్ళిన దారిలో కణాలు చిక్కుకునే అవకాశం అక్కడ కొద్దిగా ఉంటుంది కాబట్టి. నోటి మచ్చ సంగతి వేరు. అక్కడ చిన్న ముక్క తీసినందువల్ల జబ్బు ముదిరి ఆయుష్షు తగ్గుతుందనడానికి ఆధారం లేదు. మీ ఊరి పెద్దాయన ముక్క తీయించుకునేనాటికి ఎన్ని నెలలుగా బాధపడుతున్నాడో కనుక్కోండి. ఆ సంగతి నాయన చెవిన పడాలి.

ముక్క తీయడం అంటే ఆయన కళ్ళముందు ఆపరేషన్ థియేటరు మెదులుతున్నట్టుంది. జరిగేది ఇంతే. పళ్ళ కుర్చీలోనే కూర్చోబెట్టి, పన్ను పీకేటప్పుడు ఇచ్చే మత్తు సూదే మచ్చ పక్కన ఇస్తారు. ఆ సూది నొప్పి తెలుస్తుంది. తర్వాత తెలియదు. మచ్చ అంచులో, పక్కనున్న మంచి పొర కూడా కాస్త వచ్చేలా, కొన్ని మిల్లీమీటర్ల ముక్క తీస్తారు. ఒకటో రెండో కుట్లు. అరగంటలో లేచి వచ్చేయవచ్చు. రెండు మూడు రోజులు కారం, వేడి తగలకుండా పెరుగన్నమో చల్లారిన జావో పెట్టండి. గోంగూర, పచ్చిమిరపకాయ వద్దు. గుండెకో పక్షవాతానికో రక్తం పలచబరిచే మాత్రలు వేసుకుంటుంటే, షుగరు ఉంటే, ముందే డాక్టరుకు చెప్పండి. మాత్రలు మీ అంతట మీరు ఆపకండి.

తీసిన ముక్కను వెంటనే ఫార్మలిన్ సీసాలో వేయాలి, ముక్క పూర్తిగా మునిగి దానికి పదింతలు ద్రవం ఉండాలి. ఇది మీరు కళ్ళారా చూసుకోండి. సెలైన్‌లో వేసి పంపితే దారిలోనే పాడవుతుంది. స్పిరిట్‌లో వేస్తే గిడసబారిపోతుంది. అలాంటివి వచ్చినప్పుడు నేను ఎంత కళ్ళు చించుకున్నా ఖాయంగా రాయలేను. మనిషి మళ్ళీ కుర్చీ ఎక్కాలి. సీసా మీద పేరు, వయసు, ఎడమ దవడ అన్నది రాసి ఉందో చూడండి.

ముక్క మా దగ్గరికి వచ్చాక రాత్రంతా రసాయనాల్లో నాని, మైనంలో బిగిసి, నాలుగు మైక్రాన్ల పొరలుగా కోతకు వస్తుంది. రంగు వేస్తే కణం గర్భాలు ఊదాగా, మిగతాది గులాబీగా తేలుతుంది. నేను ముందు చూసేది నోటి పొరకూ దాని కింది కండకూ మధ్య ఉండే సన్నటి హద్దును. హద్దుకు పైన కణాలు వరస తప్పి, గర్భాలు పెద్దవై ఉన్నా హద్దు చెక్కుచెదరకుండా ఉంటే అది డిస్ప్లేసియా, అంటే క్యాన్సర్‌కు ముందరి దశ. కణాలు హద్దు తెంచుకుని కిందికి దిగితే క్యాన్సర్. వైద్యం మొత్తం ఈ తేడా మీద నడుస్తుంది. నోటి క్యాన్సర్‌కు లాలాజలంలోని బుడగల మీద కూడా పరిశోధనలు జరుగుతున్నాయి, అవి ఫలించాలని మనసారా కోరుకుంటున్నాను. కానీ ఆ హద్దు తెగిందా లేదా అని చెప్పే రక్తపు చుక్క గానీ లాలాజలపు చుక్క గానీ ఇప్పటికి లేదు.

ఒక ధైర్యం కూడా చెబుతాను. నోట్లో తెల్లమచ్చల్లో ఎక్కువభాగం క్యాన్సర్ కావు. మీ నాయనది కూడా కాకపోవచ్చు. అయితే 61 ఏళ్ళ వయసు, చుట్ట, గుట్కా, ఆరు నెలలైనా పోని మచ్చ, పైగా కొత్తగా మంట. ఇన్ని కలిశాక చూసి వదిలేయడానికి లేదు. నోట్లో పుండో మచ్చో మూడు వారాలకు మానకపోతే చూపించాలన్నది మామూలు నియమం. ఈ సాయంత్రం నాయనను వెలుతురులో కూర్చోబెట్టి టార్చి వేసి చూడండి. తెలుపు మధ్యలో ఎర్రగా ఉందా? వేలితో తాకితే గట్టిగా తగులుతోందా? ఆయన మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పడుతున్నాయా, లేక దవడ బిగుసుకుపోయి రెండే పడుతున్నాయా? మెడలో గడ్డ తగులుతోందా? వీటిలో ఏది ఉన్నా డాక్టరుకు ముందే చెప్పండి.

టార్చి అంటే చిన్నచూపు వద్దు. కేరళలో తిరువనంతపురం జిల్లాలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి జనం నోళ్ళు చూశారు. పొగాకో మద్యమో అలవాటున్న వాళ్ళలో నోటి క్యాన్సర్ చావులు మూడో వంతు తగ్గాయని 2005లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. కోత లేని పరీక్ష కావాలని మీరు అడిగారు. నోటికి అలాంటిది ఎప్పటి నుంచో ఉంది, దాని మొదటి మెట్టు మీ నాయన ఒంగోలులో దాటేశాడు కూడా. ఇప్పుడు రెండో మెట్టు దగ్గర ఆగాడు.

ఇక మీ సంగతి. మీకూ ఆ పరీక్ష వద్దు. కానీ మీ మేనత్త విషయాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. మీరూ తీసుకోకండి. రొమ్ము, అండాశయం క్యాన్సర్లు తల్లి వైపు నుంచే వస్తాయని మనవాళ్ళు అనుకుంటారు. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనే జన్యువుల్లో లోపం తండ్రి నుంచి కూడా బిడ్డకు వస్తుంది. మీ మేనత్తకు ఆ లోపం ఉండి ఉంటే మీ నాయనకూ ఉండవచ్చు, ఆయన నుంచి మీకూ మీ తమ్ముడికీ రావచ్చు. మేనత్త ఆసుపత్రి కాగితాలు ఎవరి దగ్గరున్నాయో వెతికించండి. అండాశయంలో ఏ రకం గడ్డ అన్నది అందులో ఉంటుంది. ఆ వైపు నాయనమ్మకు, మిగతా అత్తలకు, వాళ్ళ పిల్లలకు రొమ్ము క్యాన్సర్ గానీ అండాశయం క్యాన్సర్ గానీ ఎవరికైనా వచ్చిందా, ఏ వయసులో, రాసుకోండి. ఆ కాగితాలతో పెద్ద క్యాన్సర్ ఆసుపత్రిలో జన్యు సలహా విభాగానికి వెళ్ళండి. మీకు చెన్నై దగ్గరే, అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ 1954 నుంచి మన జిల్లాల వాళ్ళను చూస్తోంది. జన్యుపరీక్ష అవసరమైతే ముందు మీ నాయనకు చేస్తే మేలేమో కూడా వాళ్ళు చెబుతారు. గుర్తుంచుకోండి, అది మీకు వారసత్వంగా ఏం వచ్చిందో చెప్పే పరీక్ష. ఇప్పుడు జబ్బు ఉందా లేదా అన్నది దానిలో తెలియదు.

ఏటా సీఏ-125 చేయించుకోండి అని ఎవరో ఒకరు మీకు చెబుతారు. బ్రిటన్‌లో రెండు లక్షల మందికి పైగా స్త్రీలను ఏళ్ళ తరబడి గమనించి, ఈ రక్తపరీక్షతో గానీ స్కానుతో గానీ వెతికినందువల్ల అండాశయం క్యాన్సర్ చావులు తగ్గలేదని 2021లో తేల్చారు. నెలసరిలో, ఎండోమెట్రియోసిస్‌లో, గర్భంతో ఉన్నప్పుడు కూడా అది పెరుగుతుంది. దానికన్నా మీ ఒంటి మాట వినండి. కొత్తగా పొట్ట ఉబ్బరం, నాలుగు ముద్దలకే కడుపు నిండడం, పొత్తికడుపులో నొప్పి, మాటిమాటికీ మూత్రం రావడం, ఇవి నెలలో పన్నెండు రోజులకు మించి ఉంటుంటే గ్యాస్ మాత్రలతో సరిపెట్టక గైనకాలజిస్టుకు చూపించండి.

మీ వయసుకు అసలు అవసరమైనవి ఊళ్ళోనే ఉన్నాయి. 30 దాటిన వాళ్ళకు గర్భాశయ ముఖద్వారం, రొమ్ము, నోరు చూసే కార్యక్రమం ప్రభుత్వం నడుపుతోంది. మీ ఏఎన్ఎంను అడగండి. ముంబైలో ఆరోగ్య కార్యకర్తలు వెనిగర్ లాంటి ద్రావణం పూసి గర్భాశయ ముఖద్వారాన్ని చూసే పరీక్షను రెండేళ్ళకోసారి చేస్తే ఆ క్యాన్సర్ చావులు 31 శాతం తగ్గాయి. సిగ్గుపడో, ఏమీ బాధ లేదుగదా అనో మన ఆడవాళ్ళు దానికి వెళ్ళరు. మీరు వెళ్ళండి, మీ అమ్మను నోరు, రొమ్ము పరీక్షలకు వెంటబెట్టుకెళ్ళండి.

ఖర్చు సంగతి. ఇద్దరికీ కలిపి ఆ ల్యాబుకు పెట్టబోయిన ముప్పై ఆరు వేలు దాచుకోండి. ఒంగోలు రిమ్స్‌లో ఈఎన్‌టీ విభాగంలో చూపించి ముక్క తీయించవచ్చు. పళ్ళ డాక్టరు దగ్గరే తీయించినా ఆ పద్దెనిమిది వేలలో చాలా మిగులుతుంది. ఒకవేళ క్యాన్సర్ అని తేలితే వైద్యానికి ఎన్టీఆర్ వైద్యసేవ ఉంది, రేషన్ కార్డు, ఆధార్ సిద్ధంగా పెట్టుకోండి.

నాయనతో మాట్లాడేటప్పుడు క్యాన్సర్ అన్న మాటతో మొదలుపెట్టకండి. మంట తగ్గించుకుందాం, అది ఎందుకొచ్చిందో చూపిద్దాం అనండి. వేలానికి బేళ్ళు వెళ్ళే రోజు కాకుండా ఇంకో రోజు చూసుకుందాం, ఒక్క పూట పని అనండి. తమ్ముణ్ణి ఒక రెండు రోజులు సెలవు పెట్టి రమ్మనండి. కొడుకు పక్కన ఉంటే చాలామంది తండ్రులు కుర్చీ ఎక్కుతారు. గుట్కా ఆ రోజు నుంచే ఆపించాలి. అందులోని వక్క కూడా క్యాన్సర్ తెస్తుందని 2004లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధన విభాగం తేల్చింది. పొగాకు మీ ఇంటికి అన్నం పెట్టింది, పంటను నేను తప్పుపట్టను, నోట్లోకి పోకుండా చూడమని అడుగుతున్నాను. మానలేక అల్లాడితే 1800-11-2356కు ఫోను చేయించండి, పొగాకు మాన్పించడానికి సాయం చేసే జాతీయ ఉచిత నంబరు అది.

రిపోర్టు నాలుగైదు రోజుల్లో వస్తుంది. అందులో డిస్ప్లేసియా అని ఉంటే అది తక్కువా, మధ్యస్థమా, తీవ్రమా అన్నది కూడా రాసి ఉండాలి. లేకపోతే అడిగి రాయించుకోండి. ఏమీ లేదని వచ్చినా మచ్చ పోయేదాకా డాక్టరు చెప్పిన గడువుకు మళ్ళీ చూపించాలి. మచ్చ పెరిగితే మళ్ళీ ముక్క తీయాల్సి రావచ్చు. స్క్వామస్ సెల్ కార్సినోమా, అంటే నోటి పొరలో పుట్టిన క్యాన్సర్, అని ఉంటే ఆ రోజే తిరుపతికో చెన్నైకో బయల్దేరే ఏర్పాటు చేసుకోండి. వెళ్ళేటప్పుడు కాగితం ఒక్కటే తీసుకెళ్ళకుండా, ల్యాబులో అడిగి గాజు స్లైడ్లు, మైనపు బ్లాకు కూడా వెంట తీసుకెళ్ళండి. అక్కడి డాక్టర్లు వాటినే మళ్ళీ చూస్తారు. అవి చేతిలో ఉంటే నాయనకు ఇంకోసారి ముక్క తీసే పని చాలావరకు తప్పుతుంది.